రెండు బ్యాండ్లు, ఒకే చెయ్యి

చేజేతులా నా ఉద్యోగానికి నేనే నీళ్లొదులుకున్న వైనం చెప్తాను. మీరు నవ్వుకోండి, ఫర్వాలేదు. నాకు మాత్రం ఇప్పటికీ ఏడుపే వస్తుంది.

నార్త్ కరోలినాలో ఎం.ఎస్. చదువుతూ యూనివర్సిటీ లైబ్రరీలో పార్ట్‌టైమ్ చేసేవాణ్ణి. ఎఫ్‌-1 స్టూడెంట్ వీసావాడికి బయట పని కుదరదు, క్యాంపస్ ఉద్యోగం పోయిందంటే అద్దెకి దిక్కుండదు. ఆ చలికాలం లైబ్రరీవాళ్లు మా చేతులకి స్మార్ట్ బ్యాండ్లు తగిలించారు. పుస్తకం దొరకనివాళ్లు అర దగ్గర బటన్ నొక్కితే మా బ్యాండ్ జుయ్యిమంటుంది, మేం పరుగెత్తాలి. మేం ఎక్కడున్నామో సూపర్‌వైజర్ లిండా మేడమ్‌కి స్క్రీన్ మీద చుక్కలుగా కనిపిస్తుంది.

ఒక మధ్యాహ్నం ముసురు. ఆకాశమూ, నా మనసూ ఒకేలా ఏడుస్తున్నాయి. మేడమ్ ఇంటి నుంచే పని చేస్తున్నారు. ఇంజనీరింగ్ నాలుగేళ్లూ ప్రాక్సీ అటెండెన్స్‌తో గట్టెక్కినవాడికి అలాంటప్పుడు ఏం తోస్తుందో చెప్పండి! రూమ్మేట్ కిరణ్‌దీ నా షిఫ్టే.

"మామా, నా బ్యాండ్ కూడా నువ్వే పెట్టుకోరా. లేవబుద్ధి కావట్లేదు" అన్నాను వాడితో.

"అరేయ్, ఇదేమన్నా మన కాలేజా? లిండా చూస్తే?"

"చూసేది చుక్కలే కదరా, మొహాలు కాదు."

వాడు పాపం మంచివాడు. రెండూ ఒకే చేతికి గాజుల్లా తొడుక్కుని వెళ్లాడు. నేను దుప్పటి ముసుగేశాను.

మర్నాడు మేడమ్ ఇద్దర్నీ పిలిచి స్క్రీన్ చూపించారు.

"నిన్న మీరిద్దరూ ఒక్క అడుగు కూడా విడిపోలేదు. రెస్ట్‌రూమ్‌కి కూడా కలిసే వెళ్లారు."

నేనే తెలివి చూపించాను. "మేం చాలా క్లోజ్ ఫ్రెండ్స్ మేడమ్."

"సంతోషం. కానీ ఒక్కరు వెళ్లాల్సిన చోటికి ఇద్దరు వెళ్తున్నారు కాబట్టి ఇక్కడ ఒక్కరు చాలు. ఎవరు మానేస్తారో క్లోజ్ ఫ్రెండ్స్ మీరే తేల్చుకోండి."

బయటికొచ్చాక కిరణ్ గొంతు తగ్గించాడు. "నిజం చెప్పేద్దామా మామా?"

"చెప్తే ఇద్దరం పోతాంరా."

"పోనీ, నేను మానేస్తాలే."

ఆ మాటకి నాకు నిజంగా సిగ్గేసింది. నా నిద్రకి వాడి కూడు పోవడమేమిటి? గిరుక్కున వెనక్కి తిరిగి లోపలికెళ్లాను. "నేనే మానేస్తాను మేడమ్" అన్నాను, త్యాగమూర్తిలా ఛాతీ విరిచి.

ఆవిడ తలెత్తనైనా లేదు.

"నువ్వే వస్తావనుకున్నాను. ఆ బ్యాండ్లు గుండె వేగం కూడా చూస్తాయి. మెట్లెక్కినప్పుడల్లా ఇద్దరి గుండెలూ అచ్చం ఒకేలా కొట్టుకోవడం నా సర్వీసులో చూడలేదు. అదీ రోజూ కిరణ్‌ది కొట్టుకునే తీరులోనే."

గుండె సంగతి ముందే చెప్పి ఉంటారు. బ్యాండ్లిచ్చిన రోజు మీటింగ్‌లో మా ఇద్దరి ధ్యాసా పిజ్జా మీదుంది.

"మరి కిరణ్ సంగతి, మేడమ్?" అడిగాను.

"అతన్నెలా వదులుకుంటాను? నిన్న ఇద్దరి పనీ చేసింది అతనే కదా!"

చేసుకున్నవాడికి చేసుకున్నంత అంటారు. నాకు చేయించుకున్నంత. కట్టని అద్దె సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట ఎంత ముసురు పట్టినా, నా గుండె కొట్టుకునే చోటే నా హాజరు వేయించుకుంటాను.