అలంపూర్‌కు మోసుకెళ్లిన గొంగడి

చౌటుప్పల్‌లో మొదలై నల్లగొండ, మహబూబ్‌నగర్, మక్తల్ మీదుగా అలంపూర్ చేరే నాలుగు రోజుల సైకిల్ పందెం మీలో కొందరు చూసే ఉంటారు. రోజుకో దశ. నాలుగు రోజుల సమయం కలిపి ఎవరిది తక్కువైతే వాళ్లదే గెలుపు. గెలిచినవాడికి బహుమతితో పాటు నల్ల గొంగడి ఎందుకు కప్పుతారో మాత్రం చాలామందికి తెలియదు. నాకు తెలుసు. పందెం పెట్టిన మొదటి ఏడు, మక్తల్‌లో దశ ముగిసేసరికి, ముందున్నవాడికి తొడగాల్సిన పసుపు చొక్కా రాలేదు. అది ఉన్న కారు దారి తప్పి రాయచూరు వైపు పోయింది. రోడ్డు పక్కన గొర్లు కాస్తున్న మా అన్న "అంగి లేకుంటే ఏమాయె" అని తన గొంగడి తీసి ఆ కుర్రవాడి భుజాల మీద వేశాడు. అప్పటి నుంచి అదే ఆనవాయితీ అయింది. ఆ గొంగడి ఏటా నా మగ్గం మీదే తయారవుతుంది. ఈ చుట్టుపక్కల అంత చిక్కగా నేసేవాడు ఇంకొకడు లేడు. ఉంటే చూపించండి.

నిరుడు వేదిక మీద మైకు పట్టుకున్నాయన దాన్ని రగ్గు అన్నాడు. నాకు ఒళ్లు మండింది. అందుకే ఈసారి నిర్వాహకుల కారుకు ఇవ్వకుండా, నేనే తీసుకెళ్లి, నా చేతులతో కప్పి, అదేమిటో నలుగురికీ చెప్పి వస్తానని బయలుదేరాను.

"పందెం నాడు బస్సులు ఆపుతరు, నిన్ననే పోవాల్సింది గద" అంది నా భార్య.

"నన్ను ఆపెటోడు ఇంక పుట్టలే" అన్నాను.

పుట్టాడు. అమరచింత దాటగానే రోడ్డు మీద పోలీసు టోపీ పెట్టుకుని నిలబడి ఉన్నాడు.

నేనెక్కింది మక్తల్‌లో ఉదయం ఏడు గంటల గద్వాల బస్సు. ఆత్మకూరు, జూరాల ఆనకట్ట మీదుగా మామూలుగా గంటన్నర ప్రయాణం. గద్వాలలో బస్సు మారి అలంపూర్ చౌరస్తాలో దిగితే గుడి దాకా ఆటోలు దొరుకుతాయి. మొత్తం కిరాయి రెండు వందల లోపే. కార్తీకం కాబట్టి చేలల్లో పత్తి తెల్లగా విచ్చుకుని ఉంది. పైన మాత్రం వాయుగుండం మబ్బు.

"సైకిళ్లన్నీ పోయేదాంక బండి కదలది" అన్నాడు పోలీసు.

"సైకిళ్లు పోతే నా గొంగడి ఎట్ల పోతది సారూ? గెలిచినోనికి ఏం కప్పుతరు?"

"నా టోపీ కప్పుతరు తియ్. కూసో తాతా."

రంగురంగుల చొక్కాల గుంపు తేనెటీగల్లా మోత చేస్తూ దూసుకుపోయింది. చాలాసేపటికి ఒక్క కుర్రవాడు వచ్చాడు, అతని వెనకే నెమ్మదిగా ఒక వ్యాను. వ్యాను ముందు చీపురు కట్టి ఉంది. పందెం బండినైతే ఎవరూ ఆపరనుకుని, నేను బస్సు దిగి గొంగడి అడ్డం పట్టి నిలబడ్డాను.

"చీపురెందుకు కట్టినవ్ ర?" అని డ్రైవర్‌ను అడిగాను. పేరు ఖాజా అట.

"తొక్కలేనోళ్లను ఊడ్చుకపోయే బండి తాతా ఇది. ఎక్కు, నువ్వు గూడ ఎనకబడ్డోనివే గద!"

ఎక్కాక తెలిసింది అసలు సంగతి. ఆ బండి ఆఖరివాడిని దాటకూడదట.

"అంటే గెలిచినోడు బువ్వ తిని పండుకున్నంక మనం పోతమా?"

"జర సబర్ చెయ్ తాతా."

సబరూ ఓపికా నా వల్ల కాదు. కిటికీలోంచి తల బయట పెట్టి అరిచాను. "ఓ పిలగా, తొక్కు! నీ ఎనక నా గొంగడి ఆగమైతాంది!"

"గొంగడి సంగతి నాకేమెరుక తాతా, నా కాళ్లే ఆగమైనై!" అన్నాడు వాడు తిరిగి చూసి.

జూరాల కట్ట మీదికి వచ్చేసరికి వాన దంచింది. కృష్ణ మీంచి ఎదురుగాలి. కుర్రవాడి పిక్కలు పట్టేశాయి. వ్యాను ఎక్కితే వీపు మీది నెంబరు తీసేస్తారు, ఇక పందెంలో లేనట్టే. అందుకని సైకిలు దిగుతాడు, పిక్కలు పిసుక్కుంటాడు, మళ్లీ సైకిలెక్కుతాడు. చివరికి కట్ట గోడకు ఆనుకుని కూలబడ్డాడు. ఖాజా మెల్లగా నెంబరు విప్పి, సైకిలు పైకెత్తి, అతన్ని తెచ్చి నా పక్కన కూర్చోబెట్టాడు. పేరు యాదగిరి, చౌటుప్పల్ వాడు. మందుల కంపెనీలో పని మానేసి, జీతానికి తొక్కే జట్టులో చేరాడు. ఇదే మొదటి పెద్ద పందెం.

"మా ఊర్లనే సురువైంది తాతా. మా నాయిన డప్పు కొట్టి పంపిండు. ఇప్పుడు ఏ మొఖం పెట్టుకొని..." పళ్లు టకటకా కొట్టుకుంటుంటే మిగతా మాట రాలేదు. పెదాలు నీలిరంగుకు తిరిగాయి.

వ్యానులో పొడి గుడ్డ ఒక్కటీ లేదు, నా ఒళ్లో గొంగడి తప్ప. మాలో ఒకసారి భుజాన వేసిన గొంగడిని వెనక్కి తీసుకోవడం లేదు. వేశామంటే అది వాళ్లదే. మైకులో చెప్పాలని ఏడాదిగా దాచుకున్న మాటలు గుర్తుకొచ్చాయి. నిజం చెప్తున్నాను, కాసేపు కిటికీ వైపు చూశాను. తర్వాత విప్పి వాడికి చుట్టాను.

"గిది గెలిచినోనిది గద తాతా!" అని విదిలించుకోబోయాడు.

"నేసినోణ్ని నేను. సప్పుడు జెయ్యక కప్పుకో."

ఇక మిగిలినవాళ్లలో ఆఖరివాడు చాలా ముందుకు పోయాడు కాబట్టి ఖాజా వేగం పెంచాడు. అలంపూర్‌లో గుడి శిఖరాలు కనబడే జాగాలో వేదిక కట్టారు. గెలిచిన పంజాబు కుర్రవాడు దాని మీద తడిసిన చొక్కాతో నిలబడి ఉన్నాడు. సరిగ్గా సమయానికే చేరాను, ఖాళీ చేతులతో.

"పెద్దాయనా, గొంగడి ఏది?" అన్నాడు నిర్వాహకుడు. యాదగిరి గొంగడి కప్పుకునే, తల దించుకుని వ్యాను దిగాడు. నేను మైకు గుంజుకున్నాను.

"గిది రగ్గు కాదు, గొంగడి. వణికేటోనికి కప్పేది. కప్పిన. ఇగ గుంజుకోను. కోపమొస్తే వచ్చే ఏడు ఇంకోని దగ్గర నేయించుకోండ్రి."

ఖాజా ఉర్దూలో ఆ మాట పంజాబు వాడికి చెప్పాడు. వాడు పకపకా నవ్వి, వేదిక దిగి, యాదగిరి దగ్గరికి పోయి, గొంగడి అంచు ఎత్తి తానూ లోపల దూరాడు. తనకూ చలేస్తోందట. ఇద్దరికీ సరిపోయింది. సరిపోదా మరి, నేసింది ఎవరు!

ఈ పందెం చరిత్ర ఎవరైనా రాస్తే గెలిచినవాళ్ల పేర్లే రాస్తారు, అది సహజం. నేను మాత్రం ఇన్నేళ్లూ గొంగళ్లు నేసి ఇవ్వడమే కానీ, ఒకటి తన పని చేస్తుంటే పక్కన కూర్చుని చూసింది లేదు. ఆ పొద్దు వ్యానులో వస్తుంటే, గద్వాల దాటాక యాదగిరి పళ్ల చప్పుడు ఆగింది. కాసేపటికి నా భుజం మీద తల వాల్చి గుర్రు పెట్టాడు. అంత మంచి చప్పుడు నా మగ్గం కూడా ఎప్పుడూ చేయలేదు. మీకు చెప్పేది ఒకటే. పందెం చూడాలంటే ముందు రోజు సాయంత్రానికే అలంపూర్ చేరిపోండి, ఆ పొద్దున ఆ దారిన బస్సులు నడవవు. ఇది నా భార్య చెప్పిన మాట, ఆమెకు మాత్రం చెప్పకండి.