అత్తెసరక్క కూడిక

ప్రపంచంలో తన మార్కులు తానే తగ్గించుకుని ఉద్యోగం కొట్టిన మనిషి ఒక్కర్తే, మా అత్తెసరక్క. స్కూల్లో అన్నీ అత్తెసరు మార్కులే కాబట్టి ఆ పేరు. చెవి వెనక పెన్సిలుంటుంది. ఏ కాగితం దొరికినా, ఆఖరికి ఇస్త్రీ బట్టల చీటీ అయినా, వేలు పెట్టి కిందినుంచి పైకి మళ్లీ కూడుతుంది. పదకొండు ఆడిట్ కంపెనీలు ఆ మార్కులు చూసి గుమ్మంలోంచే పంపేశాయి. పన్నెండో చోట, ట్రైనీ ఇంటర్వ్యూలో, వాళ్ల కాగితం మీద తన సగటు యాభై ఎనిమిదని ఉంది. యాభై ఐదు దాటితేనే తీసుకుంటారు. అక్క వేలు ఊరుకుంటుందా? "సార్, మీ కూడిక తప్పు. నలభై ఎనిమిదే" అంది. అంతే! నలుగురు పెద్దలూ లేచి చప్పట్లు కొట్టారు, మేనేజరు తన కుర్చీ ఇచ్చేశాడు. ఈ కథ నేను చెప్పినప్పుడల్లా అక్క పెన్సిలు తీస్తుంది.

"నలుగురు కాదురా, ఇద్దరు. చప్పట్లు లేవు. సోమవారం నుంచి పనిలోకి రమ్మన్నారు, వెళ్లాను."