మోకాలత్తకు నొప్పి తగ్గిన ఏడు

ఆ ఒడ్డున అందరూ ఆమెను మోకాలత్త అనే పిలిచేవారు. ఆ పిలుపులో వెక్కిరింపు లేదు, పలికే ఆమెకు చిన్నతనమూ లేదు. ఎడమ మోకాలు ఆమెదే అయినా దాని బాగోగులు మాత్రం ఊరందరివీ. పొద్దున్నే నీళ్ళలోకి దిగబోతూ ఎవరో ఒకరు ఆమె గడప దగ్గర ఆగి, "అత్తా, ఎలా ఉంది?" అని అడిగేవారు.

"బాగానే ఉన్నాను నాయనా."

"నువ్వు కాదత్తా, మోకాలు."

వాళ్ళది సముద్రపు నాచు సాగు. నడుములోతు నీళ్ళలో గుంజలు పాతి, గుంజకూ గుంజకూ మధ్య తాళ్ళు లాగి, ఆ తాళ్ళకు పిడికెడు నాచు ముక్కలు వరసగా ముడివేసి వదిలితే, నెలా రెండు నెలల్లో ఒక్కో ముక్క గుబురుగా పెరుగుతుంది. కోసి, వలల మీద ఆరబెట్టి, కాటా వేయించడమే పని. ఎరువు వెయ్యనక్కర్లేదు, నీళ్ళు పెట్టనక్కర్లేదు. ఇంత హాయైన సాగు ఇంకోటి లేదని చూడవచ్చినవాళ్ళు అంటూ ఉంటారు. వాళ్ళెవరూ ఎండాకాలంలో రారు.

ఎండలు ముదిరాయంటే ఒడ్డు దగ్గరి నీళ్ళు స్నానానికి కాచినట్టు కాగుతాయి. నాచు కొసలు తెల్లబడతాయి, మెత్తబడతాయి, వేలు తగిలితే ఊడి చేతికొస్తాయి. అందుకని వేడి పెరగకముందే అందరూ విత్తనానికి ఉంచుకున్న నాచును తాళ్ళతో సహా విప్పి, వాగు సముద్రంలో కలిసేచోట ఉన్న లోతు కాలువలోకి దించుతారు. అప్పటికి వాగు ఎండి ఉంటుంది కాబట్టి అక్కడా ఉప్పునీళ్ళే, అడుగున చల్లగా ఉంటుంది. వేసవంతా ఊరి విత్తనం మొత్తం ఒకే కాలువలో తలదాచుకుంటుంది.

చిక్కల్లా ఆ తరవాతే. తొలివాన పడిందంటే వాగులోని బురదనీళ్ళు ముందుగా వచ్చిపడేది ఆ కాలువలోకే. మనకు ప్రాణం పోసే మంచినీళ్ళు నాచు ప్రాణం తీస్తాయి. రాత్రికి రాత్రే చీకిపోతుంది. కాబట్టి వాన రాకముందే దాన్ని రాతిగట్టు వెనకున్న ఉప్పునీళ్ళలోకి మార్చాలి. మరీ ముందుగా మారిస్తే అక్కడింకా వేడి చావదు, ఉడికిపోతుంది. ఆలస్యం చేస్తే వాగు మింగుతుంది. విత్తనం పోతే ఆ ఏటికి సాగే లేదు, ఊరంతా చేతులు ముడుచుకుని కూర్చోవడమే.

మార్చాల్సిన రోజు ఏదో చెప్పేది మోకాలత్త మోకాలు. వానకు రెండుమూడు రోజుల ముందు అది లోపల్లోపల సలపడం మొదలుపెట్టేది. ఆమె అబ్బా అనగానే వీధిలో పడవలు కదిలేవి. ఫోనులో వాతావరణం చెప్పేవాళ్ళు లేకపోలేదు. కానీ వాళ్ళు చెప్పేది దేశం మొత్తానికి. మోకాలు చెప్పేది తమ కాలువకు.

మోకాలత్త దైవభక్తి గల మనిషి. తెల్లవారుజామునే లేచి చేతులు జోడించి, "స్వామీ, అందరినీ చల్లగా చూడు. తీరిక దొరికితే ఈ మోకాలి సంగతి కూడా కాస్త చూడు," అని వేడుకునేది. ఏళ్ళ తరబడి స్వామికి తీరిక దొరకలేదు. ఆమె నొచ్చుకోలేదు. ఎంతమందిని చూసుకోవాలో పాపం అనుకునేది.

ఆ ఏడు ఇంటికి కోడలొచ్చింది. సముద్రాన్ని పెళ్ళయ్యాకే చూసిన పిల్ల. అత్తగారు మెట్లు పక్కకు తిరిగి, పీతలా దిగడం చూసి దాని మనసు చివుక్కుమంది. ఎవరినీ అడగలేదు. సాయంత్రం కాగానే నూనె వెచ్చచేసి, అత్తగారి కాలు ఒళ్ళో పెట్టుకుని, పైనుంచి కిందికి, కిందినుంచి పైకి మెల్లగా మర్దన చేసేది. వద్దులేవే అని మోకాలత్త నోటితో అనేదే గాని కాలు మాత్రం వెనక్కి తీసుకునేది కాదు. అలా వేసవంతా ఒక్క సాయంత్రమూ తప్పలేదు.

ఒక మధ్యాహ్నం వలమీద ఆరబెట్టిన నాచును ఎదురింటివాళ్ళ మేక తింటోంది. మోకాలత్త అరుగు మీదనుంచి గెంతి, చీపురు పట్టుకుని, వీధి చివరిదాకా దాన్ని తరిమి వచ్చింది. తిరిగి చూసేసరికి వీధి వీధంతా నిలబడిపోయి ఉంది. ఎవరూ మేకను చూడడం లేదు.

ఎదురింటి ఆడపడుచు దగ్గరికొచ్చి, దొంగను పట్టుకున్నంత గట్టిగా ఆమె చెయ్యి పట్టుకుంది. "వదినా, నువ్వు పరిగెత్తావా?"

మోకాలత్త అప్పుడు కిందికి చూసుకుంది. మోకాలు నిమ్మకు నీరెత్తినట్టుంది.

ఆ సాయంత్రం వాళ్ళింటి అరుగు మీద కాలు పెట్టడానికి చోటు లేదు. ఎవరూ నొప్పి రావాలని అనలేదు, అంత పాపిష్టి మనసు ఎవరికీ లేదు. కానీ ఎదురింటి ఆడపడుచు తడి ఇసుకలో కాసేపు కూర్చుంటే ఒంటికి మంచిదంది. పడవ నడిపే తమ్ముడు, "అక్కా, చాలాకాలమైంది నువ్వు నీళ్ళ బిందె మోసి, నీ చేతి నీళ్ళ రుచే వేరు," అన్నాడు. ఇంకెవరో ఆమె పక్కను కిటికీ గాలి తగిలేలా జరిపి వెళ్ళారు. అందరి మర్యాదా చూసి ఆమె కళ్ళు చెమ్మగిల్లాయి. తనకోసం ఇంతమంది ఇంత ఆలోచిస్తున్నారే అనుకుంది. భర్త మాత్రం పడక కుర్చీలోంచి కదలకుండా నవ్వుతూ ఉండిపోయాడు.

అందరూ వెళ్ళాక చూస్తే కోడలు కనబడలేదు. వంటింట్లో నూనె సీసా ముందు పెట్టుకుని ఏడుస్తోంది.

"ఊరందరి కూడూ పోగొట్టాను అత్తయ్యా. నాకు తెలియదు."

"నా కాలు బాగుచేశావు. అందులో తప్పేముందే?"

"విత్తనం పోతే?"

మోకాలత్త పక్కన కూర్చుని పిల్ల వీపు నిమిరింది.

మర్నాడు తెల్లవారుజామున ఆమెకు ప్రార్థన కుదరలేదు. ఇన్నేళ్ళూ అడిగి అడిగి తెచ్చుకున్నది, ఇప్పుడు వెనక్కి తీసుకోమనడానికి నోరెలా వస్తుంది? చేతులు జోడించి చాలాసేపు ఊరికే నిలబడింది.

"అడిగేయవే," అన్నాడు భర్త దుప్పట్లోంచి. "నీ వంతు ఎప్పుడొస్తుందో ఆయనకు మాత్రం తెలుసా? ఇప్పుడడిగితే పైయేటికి ఇస్తాడు."

"మీరు ఊరుకోండి. ఆయన వింటాడు."

మోకాలు మూగబోవడంతో ఊళ్ళో మిగతా ఒళ్ళన్నిటికీ నోళ్ళొచ్చాయి. పడవ తమ్ముడి భుజం ఎల్లుండే వానంది. ఎదురింటి ఆడపడుచు పన్ను ఇంకో పది రోజులు ఎండలేనంది. ఒకాయన బొటనవేలు పొద్దున ఒకటి చెప్పి సాయంత్రానికి మాట మార్చింది. అరుగు మీద ఎవరి నొప్పి వాళ్ళు వర్ణించుకుంటూ, పక్కవాడి నొప్పి నొప్పే కాదని కొట్టిపారేస్తూ, పొద్దుపోయేదాకా వాదించుకునేవారు. మబ్బులు వచ్చేవి, చూసేవి, వెళ్ళిపోయేవి. రాతిగట్టు వెనక నీళ్ళలో చెయ్యి పెడితే ఒక పొద్దు చల్లగా, ఒక పొద్దు వెచ్చగా ఉండేవి. నడుస్తున్నది ఏ కాలమో ఆ కాలానికే తెలిసినట్టు లేదు.

ఓ రోజు ఆ రభసలోకి మంచినీళ్ళు పట్టుకొచ్చిన కోడలు, గ్లాసులు అందిస్తూ అత్తగారి చెవిలో ఏదో అంది. మోకాలత్త ఒక క్షణం ఆలోచించి, గొంతు సవరించుకుంది.

"అందరూ ఇటు వినండి. ఏ రోజు మార్చాలో ఎవరికీ తెలియదు కదా. అలాంటప్పుడు ఒక్కరోజే మార్చడం దేనికి? రోజుకో తాడు మారుద్దాం."

"ముందు మార్చింది ఉడికిపోతుంది కదా అక్కా," అన్నాడు పడవ తమ్ముడు.

"కొంత ఉడుకుతుంది. ఆఖర్న ఉన్నది వాగు పాలవుతుంది. మధ్యలోదన్నా దక్కుతుంది కదయ్యా."

"మరి ముందు ఎవరి తాడు? ఆఖర్న ఎవరిది?" అంది ఎదురింటి ఆడపడుచు.

అక్కడే వచ్చింది అసలు చిక్కు. ఉడికేది తనది కావాలనీ, వాగు పాలయ్యేది తనది కావాలనీ ఎవరనుకుంటారు? అప్పుడు మోకాలత్త నెమ్మదిగా, "ముందు తాడు మాది. ఆఖరి తాడూ మాదే," అంది. "మధ్యవి మీరు చూసుకోండి. నా మోకాలే కదా మిమ్మల్ని ఇన్నాళ్ళూ సోమరులను చేసింది."

కాసేపటికి పడవ తమ్ముడు, రెండో తాడు తనదన్నాడు. ఎదురింటి ఆడపడుచు, మేక తిన్న నాచుకు బదులుగా ఆఖరి తాడుకు ముందుది తనదంది. దాంతో అందరికీ సిగ్గేసింది. ఆ పూట కొట్లాట ఎవరు నష్టపోవాలా అన్నదాని మీద నడిచింది.

ఆ రోజునుంచీ వీధంతా కలిసి రోజుకో తాడు మార్చారు. మోకాలత్త నడుములోతు నీళ్ళలో నిలబడి, కాలువలోంచి వచ్చిన నాచును పసిపిల్ల జుట్టు దువ్వినంత మెల్లగా విడదీసి గుంజలకు కట్టేది. ఆమె కట్టిన మొదటి తాడు కొసలు తెల్లబడనే తెల్లబడ్డాయి. పక్కన తాడు పట్టుకోవడం నేర్చుకుంటున్న కోడలు ఉడికిన ముక్కలన్నీ ఏరి, బాగున్న ముక్కలకు చోటు చేసేది.

కాలువలో ఇంకా మూడు తాళ్ళు ఉండగా వాన వచ్చింది. ఏ భుజమూ, ఏ పన్నూ చెప్పకుండా, నట్టెండలోంచి ఊడిపడినట్టు వచ్చింది. వాగు ఎర్రగా పొంగి కాలువను ముంచేసింది. ఊరంతా వలలమీది నాచు ఎత్తడానికి ఉరుకులు పరుగులు పెట్టింది. అందరికంటే ముందు పరిగెత్తింది మోకాలత్త. గంపల మీద గంపలు మోసింది, జారి ఒకసారి బురదలో చతికిలబడింది, లేచి మళ్ళీ మోసింది.

వాన తెరిపిచ్చాక పడవ తమ్ముడు వెళ్ళి చూసొచ్చాడు. మూడు తాళ్ళూ పోయాయి. రాతిగట్టు వెనకవి, మొదటి రెండింట్లో కొంత తప్ప, పచ్చగా నిలిచాయి. అందరికీ సరిపోను విత్తనం ఉంది. మోకాలత్త తాడు లేనిదానిగా మిగలకూడదని, ఎవరూ చెప్పకుండానే ఒక్కో ఇంటివాళ్ళూ తమ తాడునుంచి ఒక్కో పిడికెడు తెంపి ఆమె గుంజలకు కట్టి వెళ్ళారు. ఆమె మర్నాడు చూసుకుంటే తన తాడంతా రకరకాల చేతుల ముడులు.

ఆ పొద్దునే, మెట్టు దిగబోయి, "అబ్బా," అంది.

ఎదురింటి ఆడపడుచు చేతిలో పని అక్కడే పడేసి వచ్చింది. "వదినా, వచ్చిందా?"

"వచ్చింది."

"వానకేనా?"

"వాన వెళ్ళిపోయాక వచ్చిందే తల్లీ. నిన్న పడ్డానుగా."

కోడలు అప్పటికే నూనె సీసా తెచ్చింది. తెచ్చి, ఎదురింటావిడను చూసి, గడప దగ్గరే ఆగిపోయింది. ఇద్దరూ సీసా వంక చూశారు. ఎదురింటి ఆడపడుచు కొంగు నడుముకు దోపుకుని, పిల్ల చేతిలోంచి సీసా అందుకుని, తడిమి చూసి తిరిగిచ్చింది.

"వెళ్ళి వెచ్చచేసి తేవే. అంత చల్లటిది రాస్తే ఏం తగ్గుతుంది?"

మోకాలత్త అరుగు మీద కాలు చాపుకుంది. వీధిలో పోతున్న పడవ తమ్ముడు అలవాటుకొద్దీ ఆగాడు.

"అక్కా, ఎలా ఉంది?"

"నేనా, మోకాలా?"

అతను కాస్త తడబడి, తల గోక్కుని, "నువ్వే," అన్నాడు.