ముందు బాగున్న కాలు

మంగళవారం పొద్దున మంచులో మెల్లగా ఆఫీస్‌కి డ్రైవ్ చేస్తుంటే మావయ్య ఫోన్ చేశాడు. "మీ అత్తయ్య ఇవాళ లేవలేదమ్మా" అన్నాడు. మా మేనత్త పోయిందని నాకు తెలిసింది అలా. కారు పక్కకి ఆపి ఏడ్చి, అటునుంచి అటే వాళ్లింటికి తిప్పాను.

అమెరికాలో మేముండే ఈ నోవై ఊళ్లో ఆవిణ్ణి 'డాక్టర్ ఆంటీ' అని పిలవని తెలుగు పిల్లలు ఉండరు. ఎముకల డాక్టరని అందరికీ తెలుసు. ఏటా చలికాలం చివర్లో పెట్టె సర్దుకుని ఎక్కడికి వెళ్లేదో మాత్రం చాలామందికి తెలియదు. ఆవిడ ఒక ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ టీమ్‌కి డాక్టర్. ఏ టీమో రాయను, ఉండుంటే రాయనిచ్చేది కాదు. ఫుట్‌బాల్ అంటే ఇక్కడి ఫుట్‌బాల్, బంతిని చేత్తో పట్టుకుని ఒకళ్ల మీద ఒకళ్లు పడే ఆట.

కాలేజీల్లో ఆడిన కుర్రాళ్లని టీములు వంతులవారీగా ఎంచుకోవడాన్ని డ్రాఫ్ట్ అంటారు. దానికి ముందు వాళ్లని ఒకచోటికి పిలిచి పరీక్షిస్తారు. పరిగెత్తిస్తారు, దూకిస్తారు, పాత ఆటల వీడియోలు పెట్టి ప్రశ్నలు వేస్తారు. టీవీలో చూపించేది ఇంతవరకే. డాక్టర్ల గది చూపించరు. పాత దెబ్బ ఉన్న కుర్రాడు నిక్కరుతో బల్ల మీద కూర్చుంటే ఒక టీమ్ తర్వాత ఇంకో టీమ్ డాక్టర్లు వచ్చి అదే మోకాలు లాగి చూస్తారు. చిన్నప్పటినుంచీ పడ్డ కష్టమంతా ఆ గదిలోనే నీళ్లపాలు కావచ్చు.

"సంతలో ఎద్దుని చూసినట్టు చూస్తారే. వాడికీ ఓ తల్లి ఉంటుందిగా" అనేది అత్తయ్య. ఆవిడ మాత్రం వేడి టీ కప్పు పట్టుకుని చేతులు వెచ్చబడ్డాకే కుర్రాణ్ణి ముట్టుకునేది. దెబ్బ తగిలిన కాలి జోలికి వెంటనే వెళ్లేది కాదు. "ముందు బాగున్న కాలు చూడాలి. దేవుడు వాడికి ఎలాంటి ఒళ్లు ఇచ్చాడో తెలియకుండా, పాడైందని నువ్వెలా చెప్తావే?" అని నన్నే దబాయించేది, ఆ డాక్టర్లలో నేనూ ఉన్నట్టు.

ఈ పద్ధతి ఇంట్లోనూ వదిలేది కాదు. ఒకసారి మా అమ్మాయి రిపోర్ట్ కార్డ్ చేతికి రాగానే లెక్కల దగ్గర మొదలుపెట్టి పిల్లని దులిపేస్తున్నాను. అత్తయ్య కార్డు లాక్కుంది.

"ఆపవే! ముందు బాగున్న కాలు చూడు. సైన్స్‌లో 'ఏ' గ్రేడ్ వచ్చింది, ఆర్ట్‌లో 'ఏ' వచ్చింది. ఇవి కనపడలేదా నీకు?"

"నేను చెప్పింది అమ్మమ్మా, అమ్మ లిజన్ చేయదు" అంది మా పిల్ల, ఈ ఊరి తెలుగులో.

నా ఉద్యోగం పోయి, వీసా ఏమవుతుందోనని వణికిపోతున్నప్పుడు కూడా "నీకు వచ్చిన పనేమిటో ముందు చెప్పు, పోయిన దాని గురించి తర్వాత ఏడుద్దాం" అంది. చెప్తూ చెప్తూ ఉండగానే నాకు కాస్త ధైర్యం వచ్చింది.

ఆవిడకి ఇంకో జబ్బు ఉండేది. ఎవరింటి బేస్‌మెంట్లో వ్రతం జరిగినా, దుప్పట్ల మీద కూర్చున్నవాళ్లు లేచే వేళకి ఈవిడ కళ్లన్నీ వాళ్ల మోకాళ్ల మీదే. "అన్నయ్యగారూ, చెయ్యి నేలకి ఆనించి లేస్తున్నారు. ఎన్నాళ్లనుంచి?" అని ప్రసాదం పుచ్చుకుంటున్న మనిషిని నిలదీసేది. ఆయన నవ్వేసి తప్పించుకోబోతే ఆయన భార్యకి చెప్పి అపాయింట్‌మెంట్ బుక్ చేయించేది. ఆవిడ ఉన్న చోట నేల మీద కూర్చోవాలంటే మగవాళ్లు జంకేవారు.

డ్రాఫ్ట్ రోజుల్లో మేమంతా వాళ్లింట్లోనే చేరేవాళ్లం. "ఎవర్ని తీసుకుంటారత్తయ్యా, నాకొక్కదానికి చెప్పవా?" అని బతిమాలితే "నోరు మూసుకుని పులిహోర తిను" అనేది. ఒక ఏడు ఆఖరి రోజు, చూసేవాళ్లు కూడా లేచి వెళ్లిపోయే వేళ, వాళ్ల టీమ్ ఒక కుర్రాడి పేరు చదివించింది. మోకాలి లిగమెంట్ తెగి ఆపరేషన్ అయిన కుర్రాడట. ఇతన్నెందుకు తీసుకున్నారని టీవీలో వాళ్లు పెదవి విరిచారు. అత్తయ్య కళ్లజోడు తీసి చీర చెంగుతో తుడుచుకుని, మావయ్యని కాఫీ పెట్టమంది. మధ్యాహ్నం దాటితే కాఫీ ముట్టని మనిషి! ఏమిటత్తయ్యా అంటే "ఏం లేదే" అంది. ఆ 'ఏం లేదు' ఏమిటో ఆవిడ పోయాక గానీ మాకు తెలియలేదు.

సంతాపానికి అందరం ఇంట్లో కూడిన రోజున ఇద్దరు అమెరికన్లు వచ్చారు. ఒకాయన ఆ టీమ్ పెద్ద డాక్టర్. రెండో అతను గుమ్మానికి పట్టనంత మనిషి. మా చెప్పుల మధ్య అతను విప్పిన బూట్లు రెండు పడవల్లా ఉన్నాయి. ఆనాటి కుర్రాడే. ఏళ్ల తరబడి ఆడి, కిందటి సీజన్‌లో తనంతట తానే ఆట మానేశాడు.

"ఇతను చెప్పమన్నాడు కాబట్టి చెప్తున్నాను" అన్నాడు పెద్ద డాక్టర్. "ఆ ఏడు డాక్టర్ల గదిలో లాగి చూస్తే ఇతని మోకాలు వదులుగా వచ్చింది. ఆపరేషన్ కుదరలేదు, ఫెయిల్ చేద్దామన్నాను. మీ ఆంటీ ఒప్పుకోలేదు. 'రెండో మోకాలు లాగి చూశారా? అదీ అంతే వదులు. ఇతని కీళ్లు పుట్టుకతోనే అంత. ఆపరేషన్ బాగానే కుదిరింది' అంది. వెళ్లి చూశాను. నిజమే. అయినా మా మేనేజర్ మళ్లీ తెగితే ఎవరిది బాధ్యత అన్నాడు. తెగితే నన్ను తీసేయండి అంది."

అతను నెమ్మదిగా అందుకున్నాడు. "ఆవిడ మంచి మోకాలు పట్టుకుంటే, పొరపాటు పడ్డారేమోనని 'డాక్టర్, దెబ్బ రెండోదానికి' అన్నాను. 'తెలుసు నాన్నా, దాని దగ్గరికీ వస్తాను' అన్నారు. ఆ గదిలో వెచ్చటి చేతులు ఆవిడవొక్కటే."

ఆవిడ తన ఉద్యోగాన్ని ఒక పరాయి కుర్రాడి మోకాలికి కట్టి, ఆ సంగతి మా ఎవరికీ చెప్పకుండా ఇన్నేళ్లూ మాకు పులిహోర కలిపి పెట్టింది. ఆవిడ నా మేనత్త అని చెప్పుకోవడం నాకెంత గర్వంగా ఉందో దాచుకోను.

కుర్చీ వేస్తే వద్దన్నాడతను. మాలాగే అత్తయ్య ఫొటో ముందు కార్పెట్ మీద మఠం వేసుకుని, తల వంచుకుని చాలాసేపు కూర్చున్నాడు. వెళ్లొస్తానన్నట్టు తల ఊపాడు. అందరి కళ్లూ అతని మోకాళ్ల మీదే. అంత మనిషీ రెండు చేతులూ గుండెల దగ్గర జోడించి, అలాగే లేచి నిలబడ్డాడు.

మావయ్య ఫొటో వైపు తిరిగాడు. "చూశావుటే? చెయ్యి ఆనించలేదు" అన్నాడు.