సలహా రుసుము ఇరవై రూపాయలు

వాగ్దేవికిని, ఓషధులకు అధిపతియై తిథులను నడపు చంద్రునికిని నమస్కరించి, విశ్వావసు నామ సంవత్సర జ్యేష్ఠ బహుళ తదియ మొదలుకొని గోదావరిఖనిలో నేను చూచినదానిని వ్రాస్తున్నాను.

నా మేనకోడలు ఇక్కడ మందుల దుకాణం నడుపుతున్నది. ఫార్మసీ చదివి, లైసెన్సు పొంది, ఏళ్ల తరబడి ఆ బల్ల వెనుక ఒంటరిగానే నిలబడుతున్నది. తెలుగు పండితునిగా పదవీ విరమణ చేసిన తరువాత సాయంత్రాలు నేను అక్కడి స్టూలు మీద కూర్చుంటాను. ఈ వేసవిలో రోడ్డుకు ఆవలి వరుసలో, రాయితీ ధరలతో పెద్ద మందుల దుకాణమొకటి వెలిసింది. అప్పటినుండి ఒక వింత మొదలైంది. జనం దగ్గు, దురద, అజీర్తి గురించి మా అమ్మాయిని అడుగుతారు. ఆమె చెప్పిన గోలీ పేరును జపం చేసుకుంటూ రోడ్డు దాటి అక్కడ కొంటారు. అద్దె ఒప్పందం మళ్లీ వ్రాయించుకుంటుందో, గది ఖాళీ చేస్తుందో ఆషాఢం లోపల చెప్పమన్నాడు గది యజమాని.

నాకు ఈ వ్యాపారపు అంతరార్థం మీద కుతూహలం కలిగింది. ఈమె అమ్ముతున్న సరుకు ఏది? గోలీయా, తెలివిడియా? బొగ్గు గనుల కంపెనీ దవాఖానలో కార్మికునికి మందులు ఉచితమే. కాని కాస్త జలుబుకు షిఫ్టు పోగొట్టుకొని వరుసలో నిలవడానికి అతనికి మనసొప్పదు. ప్రైవేటు డాక్టరు ఫీజు ఆ జలుబు కంటె బరువైనది. ఆ రెండింటి నడుమ ఈమె మాట ఉన్నది. దాని వెల గోలీ ధరలోనే దాగి ఉన్నది. గోలీ రోడ్డు దాటిందా, మాట ఊరకే పోయినట్లే. ఇంకొక విచిత్రమున్నది: "నీకు మందు అక్కరలేదు" అన్నది ఆమె చెప్పగల మాటలలోకెల్ల మేలైనది, అది చెప్పినప్పుడే ఆమెకు ఏమీ రాదు.

"మాటకే వెల పెట్టరాదా?" అన్నాను.

"నువ్వే రాయి మామా, చూద్దాం" అన్నది.

గుండ్రని అక్షరాలతో ఒక అట్ట మీద "సలహా రుసుము ఇరవై రూపాయలు" అని వ్రాసి బల్లకు కట్టాను.

తదియ నాటి సాయంత్రం, పగటి షిఫ్టు దిగిన యువకార్మికుడు ఒకడు కణతలు నొక్కుకుంటూ వచ్చాడు.

"అక్కా, మందుతోని తల పలిగిపోతున్నది. ఒక గోలీ ఇయ్యి."

"మందు తగ్గించుకోవాలె తమ్మీ. గోలీ ఏం జేస్తది?"

"అరె, తాగే మందు కాదక్కా! బాయిల బొగ్గు పేల్చే మందు. మా ఇంటామె గూడ గిట్లనే తిట్టవట్టె."

గనిని ఇక్కడ బాయి అంటారు. నేను నవ్వు ఆపుకోలేకపోయాను. ఈ ఊరిలో బొగ్గును పేల్చేదీ మందే, అలసట తీరడానికి తాగేదీ మందే, మా అమ్మాయి అమ్మేదీ మందే. ఆమె మాత్రం నవ్వలేదు.

"పేల్చినంక పొగ మొత్తం పోయేదాక ఆగుతున్నవా?"

"ఆగుమనే చెప్తరు. పని జల్ది అయితదని నేనే ముందుగాల పోతున్న."

"గోలీ మింగితే నొప్పి తెల్వదు గని, పొగ లోపటికి పోతనే ఉంటది. గోలీ వద్దు. పొగ పోయినంకనే పో. రెండు మూడు దినాలల్ల తగ్గకుంటె దవాఖానకు పో, జాగు చెయ్యకు."

అతడు బుద్ధిగా తల ఊపాడు. ఆమె అట్టను చూపించింది.

"ఇరువయ్యా? గోలీ ఇయ్యకపోతివి, చెయ్యన్న పట్టి చూడకపోతివి. ఉత్త మాటకు పైసలా అక్కా? గట్లయితే మా అవ్వకు నేను ఎంత బాకీ పడ్డనో!"

నవ్వుతూనే, ఏమీ ఇవ్వకనే వెళ్లిపోయాడు. ఆమె అట్టను విప్పి నా చేతిలో పెట్టింది.

"ఖాళీ చేసుడే అయితది గావచ్చు మామా."

"చూడకపోతివి" అన్న మాట ఇంటికి పోయినా నన్ను వదలలేదు. మన భాషలో వైద్యుని వద్దకు పోయి ఎవరూ "అడిగి" రారు, "చూపించుకొని" వస్తారు. గంటసేపు చెప్పినా, "బాగా చూశాడు" అనే మెచ్చుకుంటారు. చూపుకు ఫీజు ఇచ్చే వాడుక మన నోట ఉన్నది. మాటకు ఇచ్చే వాడుక లేదు. సలహా అన్న శబ్దమే ఇక్కడ చెల్లని నాణెమైంది.

మర్నాడు అట్టను తిరగవేసి, "ఇచ్చట బీపీ చూడబడును. ఇరవై రూపాయలు" అని వ్రాశాను.

"చూడబడును ఏంది మామా, సర్కారు ఆఫీసు లెక్క!" అని ఆమె నవ్వింది గాని, కట్టనిచ్చింది. ఆ యంత్రం దుకాణంలో ఎప్పటినుండో ఉన్నదే. అడిగినవారికి ఆమె ఊరకే చూసేది. ఇప్పుడు వచ్చినవారిని కాసేపు కూర్చోబెట్టి, చేతికి పట్టీ చుట్టి, కొలిచి, విప్పిన తరువాత తాను అడగవలసినవన్నీ అడుగుతున్నది. మందు వద్దన్నా ఎవరూ చిన్నబుచ్చుకోవడం లేదు. చూసింది గదా!

కొన్నాళ్లకు ఆ యువకుడు భార్యను వెంటబెట్టుకొని వచ్చాడు. పొగ పోయేదాక ఆగుతున్నాడట, తలనొప్పి తగ్గిందట. అంగీ చెయ్యి పైకి మడిచి బల్ల మీద చాపాడు.

"ఇగ చూడు అక్కా, ఇరువై ఇస్త. నా తల పలిగింది ఏ మందుతోనో మా ఇంటామెకు జర నువ్వే చెప్పు."

"చెప్పుడు ఉత్తగనే తమ్మీ" అన్నది మా అమ్మాయి, పట్టీ చుడుతూ.

ఆషాఢ బహుళ పంచమి నాడు ఆమె అద్దె ఒప్పందాన్ని ఆరు నెలలకు మాత్రమే వ్రాయించుకున్నది. రోడ్డుకు ఆవలి దుకాణం అక్కడనే ఉన్నది.