ఏడో ఎక్కం మామయ్య

దర్జీ దుకాణం వెనక గదిలో పిల్లలు ఎక్కాలు అప్పజెబుతుంటే సందు చివరిదాకా వినబడేది. ముందు గదిలో కుట్టు మిషను టకటక, వెనక గదిలో పిల్లల గోల. "మొగుడు గుడ్డలకి మాట్లేస్తాడు, పెళ్ళాం బుర్రలకి మాట్లేస్తుంది" అని వీధివాళ్ళు నవ్వేవాళ్ళు. ఆవిడని అందరూ ఎక్కాల టీచరు అనే పిలిచేవాళ్ళు. పనిచేసే బడి మూతబడ్డాక, లెక్కల పరీక్ష అంటే చలిజ్వరం తెచ్చుకునే చిన్న తరగతుల పిల్లల్ని ఇంట్లోనే కూర్చోబెట్టి చదివించేది.

ఆవిడ పద్ధతులు ఆవిడవి. భాగహారం రావాలంటే గుండీలు పంచమనేది. భిన్నాలకి కత్తిరింపు ముక్కలు మడతపెట్టించేది. కొలతలు చెప్పే రోజు మొగుడి మెడలో టేపు లాగేసుకునేది. "నా ఒంటిమీదున్న నగ అదొక్కటే, దాన్నీ ఊడబెరికావా?" అని ఆయన లబోదిబోమనేవాడు. పిల్లలు పడీపడీ నవ్వేవాళ్ళు. నవ్విన పిల్లలకి లెక్క త్వరగా ఎక్కుతుందని ఆవిడ నమ్మకం.

ఒక్క ఏడో ఎక్కం దగ్గర మాత్రం అందరి బండీ ఆగిపోయేది. "ఏడు పేరులోనే ఏడుపుంది టీచర్" అన్నాడు ఓసారి వాగుడుకాయ అని పిలిచే పిల్లాడు. అప్పుడు ఆవిడ నోటికొచ్చినట్టు ఒక కథ అల్లింది. ఏడో ఎక్కంలో ఒక మామయ్య కాపురముంటాడు, తప్పు చెబితే అలిగి మూల కూర్చుంటాడు, ఒప్పు చెబితే తలుపు తీస్తాడు, అన్నది. మందు పనిచేసింది. మామయ్య అలగకూడదని పిల్లలు పోటీలు పడి చదివారు. ఆ తర్వాత చేరిన కొత్త పిల్లలకీ ఆ కథే చెప్పింది.

ఆ ఏడాది వార్షిక పరీక్ష దగ్గరపడుతుండగా పిచ్చుక ఏడో ఎక్కం గడగడా చెప్పేసింది. పిచ్చుక అంటే నాలుగో తరగతి పిల్ల. గొంతు చిన్నది, మనిషి ఇంకా చిన్నది. వాళ్ళమ్మ ఆసుపత్రిలో నర్సు. ఇంట్లో ఉండేది వాళ్ళిద్దరే. ముందురోజు దాకా ఏడార్లు దగ్గరే తడబడి కళ్ళనీళ్ళు పెట్టుకున్న పిల్ల, ఇవాళ కిందనుంచి పైకి కూడా చెప్పింది.

"అమ్మ నేర్పిందా?" అని మురిసిపోతూ అడిగింది టీచరు.

"కాదు టీచర్, మామయ్య."

"ఏ మామయ్య?"

"ఏడో ఎక్కం మామయ్య."

ముందు గదిలోంచి దర్జీ పకపకా నవ్వాడు. "నాకెప్పుడూ కనబళ్ళేదేమే మీ తమ్ముడు!" టీచరు కూడా నవ్వింది. పిల్లలు కదా, చెప్పిన కథకి కాళ్ళూ చేతులూ అతికించుకుంటారు అనుకుంది.

తర్వాత వాగుడుకాయ జేబులోంచి కొత్త రబ్బరు తీశాడు. మామయ్య ఇచ్చాడన్నాడు. ఇంకో పిల్ల దగ్గర అలాంటిదే ఇంకో రబ్బరు. అప్పుడు ఆవిడకి నవ్వు రాలేదు. పిల్లలు వెళ్ళేటప్పుడు పిచ్చుకని ఆపింది.

"ఆయన ఎక్కడ కనబడతాడమ్మా?"

"ఐసు ఫ్యాక్టరీ మలుపులో."

ఆ ఫ్యాక్టరీ మూతబడి చాలాకాలమైంది. వాగుడుకాయ ఇల్లు మలుపుకి ఇవతలే. అక్కణ్ణుంచి పిచ్చుక ఒక్కతే నడవాలి.

"ఏమంటాడు?"

"ఎక్కం అడుగుతాడు. బాగా చెబితే బాగుందంటాడు." పిల్ల కాసేపు కాలి వేలితో నేల గీకింది. "మీకు చెప్పొద్దన్నాడు. చెబితే వచ్చింది కూడా మర్చిపోతానన్నాడు."

ఆ సాయంత్రం టీచరు పిల్ల చెయ్యి పట్టుకుని తనే బయల్దేరింది. మలుపులో నిజంగానే ఒక మనిషి నిలబడి ఉన్నాడు. మెడదాకా గుండీలు పెట్టుకున్న బూడిదరంగు చొక్కా, నున్నగా దువ్విన తల, చేతిలో మడిచిన గొడుగు. ఏ ఆఫీసులోనైనా, ఏ బస్సులోనైనా కనబడే మనిషి. ఆవిణ్ణి చూసి తడబడలేదు. పైగా ముందుగా ఆయనే పలకరించాడు.

"నమస్కారం టీచర్ గారూ. మీరు చాలా బాగా చెబుతారు."

"మీరెవరండీ? మా పిల్లలతో మీకేం పని?"

"పనేముందండీ. పిల్లలంటే ఇష్టం." ఆయన గొంతు మెత్తగా ఉంది. "నిన్న మీరు భిన్నాలు మొదలుపెట్టారు కదా. మీ పిచ్చుకకి అరకీ పావుకీ తేడా ఇంకా తెలియడం లేదు. మీరు గుడ్డ ముక్క మడిచినప్పుడు వెనక కూర్చుంది, సరిగా కనబడలేదనుకుంటా. ముందు కూర్చోబెట్టండి."

ఆ గుడ్డముక్క సంగతి గదిలో ఉన్నవాళ్ళకి తప్ప ఎవరికీ తెలియదు. ఆవిడ ఏదో అనేలోపు ఆయన పిచ్చుక తల నిమిరి, గొడుగు ఊపుకుంటూ వెళ్ళిపోయాడు. పిల్ల ఆయన వెళ్ళినవైపే చూస్తూ చెయ్యి ఊపింది.

పిల్లని ఇంట్లో దిగబెట్టి, టీచరు పరుగులాంటి నడకతో వచ్చి తన గది వెనక ఇరుకు సందులోకి వెళ్ళింది. చెత్త పారెయ్యడానికి తప్ప అటు ఎవరూ పోరు. కిటికీ కింద నాలుగు ఇటుకలు పేర్చి ఉన్నాయి. వాటి మీద చక్కగా మడిచిన పాత దినపత్రిక. కూర్చుని కూర్చుని ఆ కాగితం మధ్యలో గుంటపడింది. ఎన్నాళ్ళనుంచో తను పాఠం చెబుతున్నది లోపలివాళ్ళకే కాదు.

విషయం విన్న దర్జీ గజంబద్ద పట్టుకుని సందంతా గాలించాడు. ఎవడూ దొరకలేదు. పోలీసు స్టేషన్లో జవాను అంతా విని, చెవి గోక్కున్నాడు.

"ఇంతకీ ఆయన ఏం చేశాడమ్మా?"

"కిటికీ కింద కూర్చుని విన్నాడు. పిల్లలకి రబ్బర్లు ఇచ్చాడు. ఎక్కాలు..."

"ఎక్కాలు నేర్పడం నేరమైతే ముందు మిమ్మల్ని లోపలెయ్యాలి" అన్నాడు అతను, నవ్వుతూ.

తల్లిదండ్రులందరికీ ఆవిడే ఇంటింటికీ తిరిగి చెప్పింది. ఆ కథ తను అల్లిందేనని దాచకుండా ఒప్పుకుంది. కొందరు తిట్టారు, కొందరు పిల్లల్ని మాన్పించారు. నర్సు మాత్రం ముఖం పాలిపోయి, "ఇకనుంచి నేనే తీసుకెళ్తాను, నేనే తీసుకొస్తాను" అంది. మిగిలిన పిల్లల్ని కూర్చోబెట్టి టీచరు విడమర్చి చెప్పింది.

"ఏడో ఎక్కం మామయ్య లేడు. ఎప్పుడూ లేడు. మీకు ఎక్కం రావాలని నేనే ఉత్తుత్తి కథ చెప్పాను. మలుపులో ఉన్నాయన ఎవరో మనకి తెలియదు."

పిల్లలు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. పిచ్చుక మెల్లగా అంది: "ఉన్నాడు టీచర్. మీరు కూడా మాట్లాడారు కదా."



ఆ తర్వాత మలుపు ఖాళీ. కిటికీ మూసే ఉంచారు. గదిలో ఉక్క. మిషను చప్పుడు ఆగినప్పుడల్లా టీచరు చెవులు రిక్కించేది. గోడ అవతల ఏ అలికిడీ లేదు. అలికిడి లేకపోవడమే ఆవిణ్ణి ఎక్కువ భయపెట్టింది.

పరీక్ష రోజు పొద్దున ఆవిడ ఎప్పటిలాగే బడి గేటు దగ్గరికి వెళ్ళింది. నర్సు పిల్లని గేటు లోపలికి పంపి, డ్యూటీకి టైమవుతోందని గబగబా వెళ్ళిపోవడం దూరంనుంచి చూసింది. గేటు నిండా పిల్లలు, పెద్దలు, తోపులాట. గంట కొట్టారు. గేటు మూశారు. కాసేపటికి క్లాసు టీచరు బయటికొచ్చింది.

"మీ పిచ్చుక రాలేదేంటి? ఒంట్లో బాగాలేదా?"

ఎక్కాల టీచరు ఆవిణ్ణి తోసుకుని లోపలికి పరిగెత్తింది. ఎవరు వద్దంటున్నా వినకుండా పరీక్ష గదిలోకి దూసుకెళ్ళి, ముందు బెంచీలో ఉన్న వాగుడుకాయ భుజాలు పట్టుకుంది. "పిచ్చుక ఏదిరా?"

వాడు బిత్తరపోయాడు. "తనకి వేరే పరీక్ష కదా టీచర్, వాళ్ళమ్మ వెళ్ళగానే గేట్లోంచి బయటికెళ్ళిపోయింది. ఏడో ఎక్కం పూర్తిగా వచ్చినవాళ్ళకి పెద్ద ఊళ్ళో పెడతారట. మామయ్య ఎప్పుడో చెప్పాడు. నాకు ఏడు తొమ్మిదుల దగ్గర తప్పొచ్చిందని నన్ను వద్దన్నాడు."

"ఎక్కడికి రమ్మన్నాడు?"

"బస్సులు ఆగే చోటికి."

అంత వయసులో అంత పరుగు ఎలా పరిగెత్తిందో ఆవిడకే తెలియదు. చెప్పు తెగిపోతే రెండోదీ విడిచేసింది. బస్టాండులో ఇంజన్ల హోరు, పొగ, మూటలు, మనుషులు. "పిచ్చుకా!" అని అరిచింది. ఆ చివర, బయల్దేరడానికి సిద్ధంగా ఉన్న బస్సు పక్కన బెంచీ మీద పిల్ల కూర్చుని ఉంది. ఒళ్ళో అట్ట, చెక్కిన పెన్సిలు. తల కొత్తగా దువ్వి ఉంది, పాపిట అటునుంచి ఇటు మారి ఉంది. పక్కన ఇంకెవరూ కూర్చోకుండా ఒక తెల్ల రుమాలు పరిచి ఉంది.

టీచరు పిల్లని రెండు చేతులా వాటేసుకుంది.

"హాలు తలుపులు మూసేస్తారా టీచర్?" అని కంగారుగా అడిగింది పిచ్చుక. "మామయ్య టిక్కెట్లు తేవడానికెళ్ళాడు. ఇప్పుడే వస్తాడు."

ఆవిడ చుట్టూ చూసింది. బూడిదరంగు చొక్కాలు చాలానే ఉన్నాయి. అందులో ఎవరూ ఆయన కాదు, లేదా ఆయన తననే చూస్తున్నా తను పోల్చుకోలేకపోతోంది. బస్సు కదిలి వెళ్ళిపోయింది. రుమాలు కోసం ఎవరూ రాలేదు.

ఈసారి పోలీసులు నవ్వలేదు. ఆయన అద్దెకున్న గోదాము మేడ మీద గది తాళం పగలగొడితే ఖాళీగా ఉంది, నేల తుడిచి మరీ వెళ్ళాడు. యజమానికి చెప్పిన పేరు అబద్ధం, ఊరు అబద్ధం. నర్సు ఎక్కాల టీచరు మీద ఒక్క కేక వెయ్యలేదు. గోడకి ఆనుకుని, "నా కూతుర్ని మీరే పంపారు, మీరే తెచ్చారు" అంది. అంతకంటే తిడితే బాగుండుననిపించింది ఆవిడకి. బడివాళ్ళు పిచ్చుకకి మళ్ళీ పరీక్ష పెట్టారు. ఒక్క భిన్నాల లెక్క తప్ప అన్నీ సరిగ్గా చేసింది.

వానలు మొదలయ్యాక ఓ రోజు అదే జవాను దుకాణానికి వచ్చాడు. దూరపు ఊళ్ళో ఒకణ్ణి పట్టుకున్నారనీ, అక్కడా పిల్లలతో ఇలాంటి వ్యవహారమే అనీ చెప్పి, ఫొటో తీశాడు. టీచరు వెలుతురులో పెట్టి చూసింది. అవునేమో అనిపించింది, కాదేమో అనీ అనిపించింది. ఖాకీ మనుషుల మధ్య, గడ్డం మాసి, కళ్ళు ఎర్రబడి ఉన్నాడు.

కబురుపెడితే నర్సు కూతుర్ని తీసుకొచ్చింది. పిచ్చుక ఫొటోని దగ్గరగా పట్టుకుని చూసింది.

"ఈయన కాదు" అంది.

"సరిగ్గా చూడమ్మా" అన్నాడు జవాను.

"చూశాను. ఈయన్ని చూస్తే భయమేస్తోంది. మామయ్యని చూస్తే ఎప్పుడూ భయమెయ్యలేదు."

జవాను ఫొటో జేబులో పెట్టుకుని వానలోకి వెళ్ళిపోయాడు. దర్జీ మిషను మీద చేతులు పెట్టి అలాగే కూర్చుండిపోయాడు. నర్సు కూతురి చెయ్యి గట్టిగా పట్టుకుంది, పిల్ల నొప్పి అన్నా వదల్లేదు.