శాటిన్ చొక్కాల మేళం

మా నాన్న క్లారినెట్ వాయించేవాడు. నూజివీడు చుట్టుపక్కల పెళ్ళిళ్ళకు వెళ్ళే బ్యాండు మేళం ఒకటి ఆయన చేతిలో ఉండేది. ముహూర్తాలు లేని రోజుల్లో ఆయనా, మేళంలో మిగతావాళ్ళూ మామిడి తోటల్లో కూలికి వెళ్ళేవాళ్ళు. పెళ్ళిళ్ళూ, కాయ కోతలూ రెండూ ఎండాకాలంలోనే పడేవి. దాంతో ఆ రోజుల్లో మా ఇంట్లో ఒక మూల రసాల వాసన, ఇంకో మూల ఇత్తడి వాయిద్యాలు తోమిన చింతపండు వాసన. నేను పదో తరగతితో చదువు ఆపేసి, వసారాలో కుట్టుమిషను పెట్టుకుని జాకెట్లు కుట్టేదాన్ని. బాగా కుట్టేదాన్ని. ఆ మాట చెప్పుకోవడానికి నాకు మొహమాటం లేదు.

ఎనభైల నడుమ మా ఊరికి డిస్కో వచ్చింది. సినిమా హాల్లోంచి వచ్చి బజారంతా పాకింది. డిస్కో చెప్పులు, డిస్కో గాజులు, డిస్కో క్లిప్పులు. బస్టాండు దగ్గర సోడాలమ్మే ఆయన రంగు కలిపిన సోడాకి కూడా ఆ పేరే పెట్టాడు. కుర్రాళ్ళు చెవులు మూసుకుపోయేలా జుట్టు పెంచి, పక్షి రెక్కల్లాంటి కాలర్లు పెట్టించుకుని తిరిగేవాళ్ళు. మేం ఆడపిల్లలం జాకెట్టు చేతులు బుట్టల్లా ఉబ్బించుకునేవాళ్ళం. ఎంత ఉబ్బితే అంత గొప్ప.

నాకు ఆ పాటలంటే ప్రాణం. మా ఇంట్లో టేపురికార్డరు లేదు. రేడియోలో విన్నవీ, మైకుసెట్లో విన్నవీ బుర్రలోనే దాచుకునేదాన్ని. సినిమాకి మొదటిసారి పాట కోసం వెళ్తే, రెండోసారి బట్టల కోసం వెళ్ళేదాన్ని. హీరో చొక్కాకి భుజం దగ్గర కుట్టు ఎక్కడ వేశారో తెరకి దగ్గరగా బెంచీలో కూర్చుని చూసేదాన్ని.

ఒకసారి బాపులపాడులో పెళ్ళికి వెళ్ళి నాన్న ముభావంగా తిరిగొచ్చాడు. క్లారినెట్ తుడుస్తూ అమ్మతో అన్నాడు: "పెళ్ళికొడుకు స్నేహితులు రిక్షాలో టేపురికార్డరు పెట్టుకొచ్చారు. కాసేపు ఆపండి మాస్టారూ, మేం పాటలు పెట్టుకుంటాం అన్నారు. ఊరేగింపంతా దాని వెనకాల ఊరికే నడిచాం."

అమ్మ కంచం పెట్టి అన్నం వడ్డించింది. నాకు మాత్రం ఆ మాట లోపల గుచ్చుకుంది. మర్నాడు పొద్దున నాన్న దగ్గరకు వెళ్ళి నిలబడ్డాను.

"నాన్నా, నువ్వు ఆ పాటలు నేర్చుకో."

"అవీ పాటలేనటే?"

"నువ్వు వాయిస్తే అవుతాయి."

ఆ మాటకు ఆయన పైకి నవ్వలేదు గానీ క్లారినెట్ తీశాడు. నేను మిషను తొక్కుతూ పాడేదాన్ని, ఆయన వసారా గుంజకు ఆనుకుని నా వెంట వాయించేవాడు. మిషను చప్పుడే మాకు తాళం. మొదట్లో ఆయన కీర్తన వాయించినట్టే ప్రతి స్వరాన్నీ మెలితిప్పేవాడు.

"ఒంపులొద్దు నాన్నా, తిన్నగా కొట్టు."

"తిన్నగా వాయించాలంటే నాకు సిగ్గేస్తుందే."

మేళంలో డ్రమ్ము వాయించే ఆయన్ని నేను బాబాయి అనేదాన్ని. ఆయనకు మాత్రం ఏ ఇబ్బందీ లేకపోయింది. తోటలో చిక్కంతో కాయలు దించి, అటునుంచి అటే మా ఇంటికొచ్చి విన్నాడు. "ఇదేముంది మాస్టారూ, పీర్ల పండక్కి మనం కొట్టే దెబ్బే. కాస్త తొందరపెట్టారు, అంతే" అన్నాడు. ఆ సాయంత్రమే పట్టేశాడు.

పాటలు కుదిరాక బట్టల మీద పడ్డాను. మేళం వాళ్ళవి ముదురెరుపు కోట్లు. భుజాల మీద బంగారు రంగు కుచ్చులు సగం ఊడిపోయి ఉండేవి. వాటిని వేసుకుని డిస్కో వాయిస్తే జనం నవ్వుతారు. నెమలి నీలం శాటిన్ తెచ్చి చొక్కాలు కత్తిరించాను. పొడుగాటి కాలర్లు, భుజాల మీద వెండి జరీ పట్టీ, కింద తెల్ల ప్యాంట్లు. వైశాఖంలో శాటిన్ ఒంటికి అతుక్కుపోతుందని నాకు తెలుసు. అందుకే వీపు లోపల పల్చటి మల్లు గుడ్డ వేశాను. చంకల కింద గాలాడేలా కాస్త కుట్టు వదిలేశాను. కొలత చూడ్డానికి బాబాయి చేతుల నిండా మామిడి సొనతో వచ్చాడు. కిరసనాయిలుతో కడుక్కుని వస్తే గానీ చొక్కా ముట్టుకోనివ్వలేదు.

నాన్న కొలతలివ్వలేదు. "నేను కోటే వేసుకుంటాను" అన్నాడు. పాత చొక్కా చూసి ఆయనకీ ఒకటి కుట్టి సంచిలో పెట్టుకున్నాను.

మొదటి పెళ్ళి జి. కొండూరు దగ్గర ఒక పల్లెలో. నేనూ వస్తానన్నాను. కొత్త బట్టలు కదా, మధ్యలో కుట్టు ఊడితే ఎవరు వేస్తారు అని నా వాదన.

"ఆడపిల్ల మేళంతో వెళ్తుందా?" అంది అమ్మ.

"మేళంతో కాదు, నాతో వస్తుంది" అన్నాడు నాన్న.

విడిది పక్కన బడిలో వాళ్ళు బట్టలు మార్చుకున్నారు. నీలం చొక్కాల మధ్య నాన్న ఒక్కడే ఎర్ర కోటుతో నిలబడ్డాడు. బాబాయి ఆయన్ని ఎగాదిగా చూసి, "మాస్టారూ, మమ్మల్ని పట్టుకెళ్ళడానికొచ్చిన పోలీసులా ఉన్నారు మీరు" అన్నాడు. అందరూ నవ్వారు. నాన్నా నవ్వాడు. నేను సంచిలోంచి చొక్కా తీసి బల్ల మీద పెట్టి బయటికొచ్చేశాను. కాసేపటికి గుమ్మంలో కనిపించాడు, నీలం రంగులో.

"కాలరు ఎక్కువైందే."

"డిస్కోకి అంతే ఉండాలి నాన్నా."

సాయంత్రం ఊరేగింపు మొదలైంది. ముందు మామూలుగా మంగళకరమైన పాట వాయించారు. రామాలయం మలుపు తిరిగాక బాబాయి డ్రమ్ము మీద ఒక్కడే అందుకున్నాడు. ఆ దెబ్బ విని కుర్రాళ్ళు వెనక్కి తిరిగారు. తర్వాత నాన్న అందుకున్నాడు, ఒక్క ఒంపు లేకుండా, తిన్నగా. వీధి వీధంతా కేక వేసింది. పెళ్ళికొడుకు కారు దిగి ఆడాడు. గాసులైటు మోసేవాళ్ళు నెత్తి మీద దీపాలతో నడుములు ఊపారు.

అప్పుడే పెళ్ళికూతురు తాతగారు కర్ర తాటించుకుంటూ జనాన్ని తోసుకుని వచ్చారు. "ఏంటయ్యా ఇది? పెళ్ళా, సర్కసా? ఆపండి!"

నాన్న క్లారినెట్ నోటి నుంచి తీసి, చేతులు జోడించాడు. డ్రమ్ము మాత్రం ఆగలేదు.

"తమరు ఏది వాయించమంటే అది వాయిస్తామండీ. ఈ పాటొక్కటి పూర్తి చేయనివ్వండి. పెళ్ళిలో మేళం సగంలో ఆపితే మంచిది కాదంటారండీ."

తాతగారు ఆలోచనలో పడ్డారు. మనవరాలి పెళ్ళి. మంచిది కాదన్నాక ఎవరు ఆపమంటారు? కర్ర మీద రెండు చేతులూ ఆన్చి, పాటయ్యేదాకా నిలబడ్డారు. తర్వాత ఆయన అడిగిన కీర్తన నాన్న అన్ని ఒంపులతోనూ వాయించాడు. ఆయన తల ఊపుతూ కారు దాకా నడిచారు.

తిరిగొస్తూ అడిగాను. "నిజంగా మంచిది కాదా నాన్నా, సగంలో ఆపితే?"

"ఇవాళ్టి నుంచి మంచిది కాదు" అన్నాడు.

ఆ తర్వాత ఎవరూ మా మేళాన్ని ఆపమనలేదు. సరిగ్గా చెప్పాలంటే, ఆపమన్నా మేళం వాళ్ళు ఆపలేదు. ఆ పెళ్ళింట్లో ఆడవాళ్ళు నన్ను లోపలికి పిలిచి, నా బుట్టచేతులు పట్టి చూసి, ఎన్ని కుచ్చిళ్ళు పెట్టావని అడిగారు. నెల తిరక్కుండా నా మిషను దగ్గర గుడ్డలు గుట్టపడ్డాయి. కుర్రాళ్ళు నీలం శాటిన్ తెచ్చి "మేళం వాళ్ళ కాలరే కావాలక్కా" అనేవాళ్ళు. బ్యాండు వాళ్ళని చూసి ఊరు ఫ్యాషన్ నేర్చుకుంది.

ఇప్పటి పిల్లలు ఆనాటి ఫొటోలు చూసి నవ్వుతారు. నవ్వనీండి. మేం సిగ్గుపడుతూ వేసుకున్న బట్టలు కావవి. అద్దం ముందు నిలబడి, ఈ ఊళ్ళో మమ్మల్ని మించినవాళ్ళు లేరనుకుని వేసుకున్నవి. ఆ పాటలూ అంతే. వాటిలో సందేహం ఉండేది కాదు. మొదటి దెబ్బకే లేచి నిలబడమనేవి.

నాలుగేళ్ళకు నాకు చింతలపూడి సంబంధం కుదిరింది. పెళ్ళిలో నాన్న కన్యాదాత కాబట్టి క్లారినెట్ ఆయన శిష్యుడు పట్టుకున్నాడు. అప్పగింతలప్పుడు అతను ఏడుపు పాట ఎత్తుకున్నాడు. అమ్మ నన్ను పట్టుకుని ఏడుస్తోంది. నాన్న పట్టుపంచెతో చరచరా వెళ్ళి క్లారినెట్ లాక్కుని, డిస్కో పాట మొదలెట్టాడు. అమ్మ ఏడుస్తూనే ఫక్కున నవ్వింది.

అత్తగారు నా చెవిలో అడిగారు. "అప్పగింతలప్పుడు ఇదేం పాటమ్మా?"

"నేను నేర్పిన పాటండీ" అన్నాను.

చింతలపూడిలో నాకు మొదట వచ్చిన గిరాకీ ఒక టీచరమ్మ. బుట్టచేతులు పెడతానంటే జంకింది. "బళ్ళో పిల్లలు నవ్వుతారేమోనండీ" అంది. పెద్దవి పెట్టాను. ఆ వారంలోనే బళ్ళో మిగతా టీచర్లంతా గుడ్డలు పట్టుకుని మా గుమ్మంలో ఉన్నారు.